ఐలిఫ్ వెనక్కి తిరిగిన రోజు

కొండ సగంలోంచి ఐలిఫ్ వెనక్కి తిరగడం ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. డెబ్బై ఒకటో ఏట ఉన్న ఆ మనిషి ముప్పై ఏళ్ళపాటు ఊరివాళ్ళకి చలికాలంలో కొండెక్కడం నేర్పాడు. మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే: పరిస్థితి బాగోకపోతే వెనక్కి తిరగాలి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఈ మాట నార్వేలో కొండగుడిసెల గోడలన్నిటి మీదా రాసి ఉంటుంది. అందరికీ కంఠతా వచ్చు. కంఠం దాటి కాళ్ళదాకా దిగడమే అరుదు.

డిసెంబరు ముప్పయ్యో తారీఖు పొద్దున పక్కింటి హాల్దిస్ కబురు పెట్టింది. ఐలిఫ్ వెళ్ళేసరికి ఆవిడ కట్టు కట్టిన కాలు బల్ల మీద పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఆ ఏడాది స్కార్వెన్ కొండ తొంభై తొమ్మిదిసార్లు ఎక్కి దిగిన మనిషి, పేపరు తెచ్చుకుందామని సొంత గుమ్మం దిగుతూ జారిపడింది. ఆవిడతోపాటు ఆవిడ కుక్క గ్రిమ్ కూడా తొంభై తొమ్మిది దగ్గరే ఆగిపోయింది. శిఖరం మీద రేకుపెట్టెలో ఒక పుస్తకం ఉంటుంది. ఎక్కినవాళ్ళు అందులో పేరు రాసి వస్తారు. ఏడాదిలో వంద నిండితే ఊరి క్రీడాసంఘం ఒక కాఫీ కప్పు ఇస్తుంది. కుక్కల్ని ఈ లెక్కలో కలపాలా వద్దా అని సంఘంలో రెండేళ్ళు కొట్లాడుకుని, చివరికి కలపాలనే తీర్మానించారు.

"నాకు కప్పెందుకూ, ఇంట్లో పద్నాలుగున్నాయి," అంది హాల్దిస్. "వీడికి పదకొండేళ్ళు. వచ్చే ఏడు ఎక్కలేడు. వీడి వంద నువ్వు పూర్తి చేయించు."

"మొన్నటి వానకి కొండంతా గడ్డ కట్టేసింది."

"నీకేంటయ్యా! నువ్వెప్పుడైనా మధ్యలో తిరిగొచ్చావా?"

"లేదు."

"మరింకేం. నేనిక్కణ్ణుంచి చూస్తుంటాలే."

చూడ్డానికి ఆవిడ దగ్గర దుర్భిణి ఉంది. ఆ ఊళ్ళో ప్రతి వంటింటి కిటికీలోనూ ఒకటి ఉంటుంది. పక్షుల కోసమని చెబుతారు గానీ పక్షుల పేర్లు ఎవరికీ తెలియవు.

ఐలిఫ్, కుక్క కలిసి రెండు గంటలు బాగానే ఎక్కారు. ఐలిఫ్ బూట్ల కింద ఇనపముళ్ళు ఉన్నాయి. గ్రిమ్‌కి ఉన్నవల్లా నాలుగు కాళ్ళే. దాని తాడు తన నడుముకి కట్టుకున్నాడు. చివరి ఏటవాలు మొదట్లో కుక్క కూర్చుండిపోయింది. రమ్మని మెల్లగా లాగితే, మర్యాద తెలిసిన కుక్క కనుక లేచింది. లేవగానే జారింది. నలభై కిలోల కుక్క తాడు బిగదీస్తే ఐలిఫ్ కూడా దాని వెంటే బోర్లా జారాడు. చేతిలో ఉన్న మంచుగొడ్డలి ఎక్కడో దిగబడి ఆగారు. మూడు బారల కింద ఏటవాలు అయిపోయి లోయ మొదలవుతోంది.

శిఖరం ఇంకా రెండువందల అడుగులు. గ్రిమ్ ముందుకాలు కోసుకుపోయి మంచు మీద నెత్తురు చుక్కలు పడుతున్నాయి. జేబులో ఫోను మోగింది.

"ఏంటక్కడ కూర్చున్నావ్?" అంది హాల్దిస్.

"విశ్రాంతి."

"నువ్వా?"

"వయసు."

"వాడెలా ఉన్నాడు?"

"బాగున్నాడు," అని పెట్టేశాడు. గ్రిమ్ ఒళ్ళంతా వణుకుతోంది.

కింద కిటికీలన్నీ గుర్తొచ్చాయి. ఆ కిటికీల కోసమే ఎన్నిసార్లు తిరిగిపోవాలనిపించినా ఎక్కాడో అతనికొక్కడికే తెలుసు. ఒంటరిగా ఎక్కితే తన ప్రాణం తనది. తాడుకి అటుపక్కనున్న ప్రాణం తనది కాదు.

"నాకు భయంగా ఉందిరా," అన్నాడు కుక్కతో.

పైకి కాదు, కిందికి తిరిగాడు. గ్రిమ్ పాదాలకి ఒక్కో మెట్టూ గొడ్డలితో చెక్కుకుంటూ దిగాడు. కొండ మొదలుకి వచ్చేసరికి మధ్యాహ్నం వెలుగు తగ్గిపోతోంది. అక్కడ నలుగురు మనుషులు మంచు మీద లాగే జారుడుబండి, దుప్పట్లు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ముందు నిలబడ్డ విదార్ ఊరి బస్సు తోలుతాడు, ఒకప్పుడు ఐలిఫ్ దగ్గర నేర్చుకున్నవాడే. ఐలిఫ్ వెనక్కి తిరిగాడనీ, గుండెపోటే అయ్యుంటుందనీ హాల్దిస్ ఫోను చేసిందట. మరో ఎనిమిది ఇళ్ళవాళ్ళు కూడా అదే చెప్పారట.

"పడుకోండి మాస్టారూ."

"నాకేం కాలేదు."

"అందరూ అదే అంటారండీ. ఎడంచెయ్యి లాగుతోందా?"

"లాగట్లేదు. తిరిగొచ్చేశానంతే."

"ఎందుకూ?"

"భయమేసింది."

వాళ్ళలో ఒకడు వచ్చి నాడి పట్టుకున్నాడు. ఇంతలో ఫోను మళ్ళీ మోగింది.

"బతికే ఉన్నావా?"

"ఉన్నాను. వాడి వంద కాలేదు."

"కాకపోతే పీడా పోయింది! ఇద్దరూ ఇంటికి రండి ముందు." హాల్దిస్ గొంతు ఏడ్చినట్టుంది.

విదార్ బండి అంచున కూర్చుని గ్రిమ్ కాలికి కట్టు కట్టసాగాడు. మూడేళ్ళ కిందట అదే ఏటవాలు మీద మంచుతుఫానులో చిక్కుకుని అతను చలికి రెండు కాలివేళ్ళు పోగొట్టుకున్నాడు. ఐలిఫ్ ఆసుపత్రికి నారింజపళ్ళు పట్టుకెళ్ళి చూసొచ్చాడు.

"ఆ రోజు నాకూ భయమేసింది మాస్టారూ," అన్నాడు విదార్, కట్టు మీంచి తలెత్తకుండా. "మీరైతే తిరగరు కదా అని ఎక్కేశాను."

అతని మాటలో కోపం లేదు. ఉంటే ఐలిఫ్‌కి కాస్త తేలిగ్గా ఉండేది.

"నాకు చాలాసార్లు వేసింది," అన్నాడు ఐలిఫ్. "మీకెవరికీ చెప్పలేదు."

విదార్ కట్టు ముడి వేయడానికి దాని మీద వేలు పెట్టమన్నాడు. ఐలిఫ్ పెట్టాడు.