ముందుగది ఎర్రబడింది

మొగుడికి తాగుడు లేదు, పేకాట లేదు, పరాయి ఆడదాని వంక కన్నెత్తి చూసే తీరిక అంతకన్నా లేదు. వీటిలో ఏదో ఒకటి ఉన్నా బాగుండేదని కోడలు అప్పుడప్పుడూ అనుకునేది. నలుగురిలో చెప్పుకొని కళ్ళొత్తుకోవడానికి ఒక కారణమంటూ ఉండేది. ఆయనకున్నది రంగుల పిచ్చి. ఆ మాట చెబితే ఎవరూ జాలిపడరు. పైగా "అబ్బ, ఎంత కళాహృదయమో!" అంటారు. కళా లేదు, హృదయమూ లేదు. ఉన్నవల్లా అంకెలు.

శాస్త్రజ్ఞులు సముద్రంలో వేడినీ, తుఫానులో గాలినీ కొలిచి కోట్లకొద్దీ అంకెలు పోగేస్తారు. ఆ గుట్టను చూస్తే వాళ్ళకే ఏమీ బోధపడదు. అందుకని ఆ అంకెలను తెరమీద బొమ్మగా మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఏ అంకెకు ఏ రంగు వెయ్యాలి, ఏది దట్టంగా, ఏది పొగలా పలచగా కనిపించాలి అని చూసుకునే రెండరింగ్ పని ఆయనది. "సముద్రాలకే రంగులేశాను" అని పెళ్ళైన కొత్తలో గొప్పలు పోయాడు. ఇంటి గోడలకు రంగు వేయించమంటే మాత్రం ఇప్పటికీ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాడు.

ఈమధ్య ఆఫీసులో ఆ సాఫ్ట్‌వేర్‌కి కొత్త హంగులేవో చేర్చారట. చూడ్డానికి వచ్చేవాళ్ళకు ఒక ముచ్చటైన ఉదాహరణ కావాలన్నారట. సముద్రాలూ తుఫానులూ చూసీచూసీ జనానికి మొహం మొత్తిందని ఆయన సొంత ఇంటినే ఎంచుకున్నాడు. అగ్గిపెట్టెలంత సెన్సర్లు తెచ్చి గదిగదికీ మూలమూలనా, కింద కొన్ని, కప్పు దగ్గర కొన్ని అతికించాడు. అవి గాలి వేడిని కొలుస్తాయి, హాల్లో టీవీ మీద ఇల్లు గాజుపెట్టెలా కనిపిస్తుంది, లోపల గాలి రంగురంగులుగా కదులుతుంది. చల్లగా ఉన్నచోట నీలం, వేడెక్కినచోట ఎరుపు.

మొదటిసారి బొమ్మ వెలిగినప్పుడు తల్లీ, కొడుకూ, కోడలూ ముగ్గురూ నోళ్ళు తెరుచుకొని చూశారు. నిజంగానే అందంగా ఉంది. వెనకగది నెమలికంఠంలా నీలంగా ఉంది. హాలు ఆకుపచ్చగా, దంపతుల పడకగది పసుపుగా ఉన్నాయి. వీధివైపు ముందుగది మాత్రం నిప్పులగుండంలా భగభగలాడుతోంది. అది ఆయన తల్లి ఉండే గది.

ఆయన మొహంలో నెత్తుటిచుక్క లేదు. "అమ్మా! ఇన్నాళ్ళూ నువ్వు కొలిమిలో పడుకున్నావే!"

"నాకేం తెలియలేదురా" అంది పెద్దావిడ.

"నీకు తెలియదు. వయసు మీద పడితే వేడి ఒంటికి తెలియదట. మొన్న కళ్ళు తిరిగి పడబోయావు చూడు, ఎందుకనుకున్నావ్?"

ఆ మాటతో ఇంట్లో గాలి మారిపోయింది. పెద్దావిడ ఆమధ్య తలుపు గడియ తీయబోతూ తూలింది. కోడలు పట్టుకోకపోతే తల పగిలేది. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి ఏమీ లేదన్నాడు. ఆ ఏమీ లేకపోవడమే కొడుకుని అప్పట్నుంచీ పీడిస్తోంది. ఇప్పుడు కారణం ఎర్రగా కళ్ళెదుట కనబడింది. ఇక ఆగుతాడా?

సాయంత్రానికల్లా మంచం వెనకగదికి వెళ్ళింది. పెద్దావిడ ఎదురు చెప్పలేదు. తన కొడుకు సముద్రాల వేడి లెక్కగట్టినవాడు, తన పక్కకింద వేడి కనిపెట్టలేడా? పైగా బొమ్మ చూసినప్పటినుంచీ వీపు మంట కూడా మొదలైంది. "నిజమేనే అమ్మాయ్, ఇన్నాళ్ళూ ఎలా ఓర్చుకున్నానో" అంది. బొమ్మ రాకముందు ఆ గదిలో దుప్పటి కప్పుకొని పడుకున్న మనిషి!

వెనకగది చల్లగానే ఉంది కానీ, దాని కిటికీ పక్కింటి గోడను చూస్తుంది. గోడమీద ఒక పైపు. పైపులోంచి అప్పుడప్పుడూ నీళ్ళు పడే చప్పుడు. చూడ్డానికి అంతే.

ముందుగది కిటికీ సంగతి వేరు. పెద్దావిడ ఆ కిటికీ దగ్గర కూరగాయలు తరుగుతూ వీధినంతా నడిపేది. చెప్పులు కుట్టేవాడి నడుంనొప్పి ఎంతవరకూ వచ్చిందో, ఎదురింటి టీచరమ్మ ఎవరితో మాట్లాడడం మానేసిందో, బస్సు ఎవరిని ఎక్కించుకోకుండా పోయిందో అన్నీ ఆవిడ నోటినుంచే ఇంట్లోకి వచ్చేవి. ఇంట్లోంచి వీధిలోకి ఏం వెళ్ళేవో కోడలు ఎప్పుడూ విచారించలేదు. అత్త లేని కోడలు ఉత్తమురాలని సామెత చెప్పినవాళ్ళకి ఇలాంటి అత్త దొరికి ఉండదు. ఇద్దరూ కలిసి ఆయన్ని ఆడిపోసుకుంటుంటే గడియారం ముల్లు తిరగడమే తెలిసేది కాదు.

ఇప్పుడు పెద్దావిడకు కాలు నిలవడంలేదు. కాసేపు హాల్లో కూర్చుంటుంది, లేచి వరండా దాకా వెళ్తుంది, ఎందుకెళ్ళిందో మరిచి తిరిగొస్తుంది. తరగడానికి ఇచ్చిన బీన్స్ సగం తరిగి ఏదో ఒక గదిలో వదిలేస్తుంది. ముందుగది గుమ్మం దగ్గర ఆగి, లోపలికి చెయ్యి చాపి, చటుక్కున వెనక్కి తీసుకుంటుంది. కొడుకు కాలుగాలిన పిల్లిలా ఆవిడ వెనకాలే. "అమ్మా, అక్కడ నిలబడకు, పసుపు తిరుగుతోంది." కోడలు కూడా కూర్చోబోయే ముందు టీవీ వంక చూడడం మొదలుపెట్టింది, తన మీద తనకే విసుగు పుట్టేలా. ఇంట్లో ముగ్గురు మనుషులు, ఒక్కరూ ఒకచోట ఉండరు.

"పెద్దమ్మగారు ఊరెళ్ళారా?" అని చెప్పులు కుట్టేవాడు కోడల్ని అడిగాడు.

"ఇంట్లోనేనయ్యా. చల్లబడుతున్నారు" అంది కోడలు.

ఆ వారంలోనే పెద్దావిడ కూతురికి ఫోన్ చేసింది. తర్వాత వంటింటి గుమ్మంలోకి వచ్చి, ఎటో చూస్తూ చెప్పింది. "ఆదివారం మీ వదిన కారేసుకొస్తుంది. కొన్నాళ్ళు అక్కడుంటానమ్మాయ్."

"ఎన్నాళ్ళు అత్తయ్యా?"

"చూద్దాం. వాళ్ళింట్లో వీధివైపు కిటికీ ఉంది."

ఆ "చూద్దాం" విన్నాక కోడలికి చేతిలో గరిటె బరువైపోయింది. బట్టలతోబాటు మందులపెట్టే, దేవుడి పటమూ కూడా సర్దుకుంటున్న మనిషి కొన్నాళ్ళకని వెళ్ళడంలేదు.

మర్నాడు వాన పట్టింది. ఊరంతా చలికి ముడుచుకుపోయింది. కోడలు శాలువా కప్పుకొని హాల్లోకి వచ్చి టీవీ చూసి ఆగిపోయింది. తను నిలబడ్డ హాలు ఎర్రగా మండిపోతోంది! తనకేమో పళ్ళు టకటకలాడుతున్నాయి.

"ఏమండీ, ఇంత చలిలో ఈ ఎరుపేమిటి?"

స్వెట్టర్‌లో మెడదాకా కూరుకుపోయిన ఆయన తలెత్తకుండానే చెప్పాడు. "ఉన్నవాటిలో ఎక్కువ వేడి ఏదైతే దానికి ఎరుపు. తక్కువదానికి నీలం. దానంతట అదే పంచుకుంటుంది."

"అంటే ఇల్లంతా మంచుగడ్డైనా ఎక్కడో ఒకచోట మండుతూనే ఉంటుందన్నమాట."

"అలా కాదు. నీకు అర్థం కాదులే."

"పోనీ, అన్నిటికన్నా వేడి వంటిల్లు కదా. అది కనబడదేం?"

"అదా? తీసేశాను." ఈసారి తలెత్తాడు, ఒక గొప్ప కిటుకు చెబుతున్నవాడిలా. "పొయ్యి వేడి మరీ ఎక్కువోయ్. దాన్ని ఉంచితే ఎరుపంతా అదే మింగేస్తుంది. మిగతా ఇల్లు ఒకటే నీలం. బొమ్మ చచ్చిపోతుంది. అందుకే ఆ సెన్సర్లు తీసి సొరుగులో పడేశాను."

కోడలు సొరుగు వంక చూసింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడితో వాదించి లాభం లేదు. నాలుగో కాలు చూపించాల్సిందే.

ఆదివారం ఆడపడుచు వచ్చింది. ఆయనకన్నా పెద్దది, గొంతు అంతకన్నా పెద్దది. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది. "ఏరా, కన్నతల్లిని టీవీలో చూసి వెనకగదికి తోశావటగా?"

"నువ్వు బొమ్మ చూస్తే అలా అనవక్కా. రా, చూపిస్తా."

"రండి వదినా, చూద్దురుగాని" అంది కోడలు, వంటింట్లోంచే. పొద్దున్నే సొరుగులోంచి తీసిన సెన్సర్లలో ఒకటి పొయ్యి పైన గోడకూ, ఇంకోటి కప్పు దగ్గరా అప్పటికే అతుక్కుని ఉన్నాయి. పొయ్యిమీద కుక్కరొకటి, బాణలొకటి ఉన్నాయి. రెండు మంటలూ పెద్దవి చేసి, చేతులు తుడుచుకొని వచ్చి వదిన పక్కన నిలబడింది.

బొమ్మ వెలిగింది. ఇల్లంతా నీలం. ముందుగది నీలం, వెనకగది నీలం, హాలు నీలం. ఒక గదికీ ఇంకో గదికీ తేడా లేదు. ఒక్క వంటింట్లో మాత్రం ఎర్రటి మంట కప్పుదాకా లేచి ఊగుతోంది.

"ఏదిరా అమ్మ కొలిమి?" అంది ఆడపడుచు. "మీ ఆవిడ నిలబడే చోటు తప్ప ఇంకెక్కడా వేడి కనబడదే!"

"ఎక్కడో సెన్సర్ చెడిపోయింది." ఆయన గదుల్లోకి పరుగెత్తాడు. వంటింట్లో గోడమీద మినుకుమినుకుమంటున్న సెన్సర్ దీపాన్ని చూసి, వెనక్కి వచ్చి, పెళ్ళాం వంక చూశాడు. పెళ్ళాం టీవీ వంక చూసింది.

"చెడిపోలేదు కదండీ. పొయ్యి వెలుగుతోంది, పొయ్యి వెలుగుతోందనే చెబుతోంది" అంది కోడలు. "పోనీ రంగులొద్దు. ముందుగది ఎంత, వెనకగది ఎంత? అంకెలు చదవండి."

ఆయన చదవాల్సి వచ్చింది. ముందుగది ఇరవై ఆరుంబావు. వెనకగది ఇరవై ఆరు. మొదటిరోజువి తీసి చూశాడు. ఆ రోజూ తేడా అరడిగ్రీకి లోపే. ఆయన వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. ఆ అంకెలు అన్నాళ్ళూ అక్కడే ఉన్నాయి. రంగు చూసినవాడు అంకె చూడలేదు.

"గోరంత తేడాకి కొండంత ఎరుపా!" అంది ఆడపడుచు. "వీడు సముద్రాలకి వేసిన రంగులు కూడా ఇలాంటివేనేమో, పాపం చేపలెక్కడికి సర్దుకున్నాయో!"

పెద్దావిడ సంచీ చంకన పెట్టుకొని వెనకగదిలోంచి ఎప్పుడొచ్చిందో, అంతా విన్నది. "ఇంతకీ నా గది వేడా, కాదా?"

"అంటే అమ్మా... సెట్టింగు అలా ఉంది. రంగుల్ని అది దానంతటదే పరుచుకుంటుంది..."

"సెట్టింగు సంగతి నాకు చెప్పకు. గది?"

"టెక్నికల్‌గా చూస్తే..."

"నాకు టెక్నికల్‌గా పడుకోవడం చేతకాదు నాయనా." ఆవిడ గొంతులో కోపం లేదు. అందుకే కోడలికి భయమేసింది. "ఇవాళ సెట్టింగు మారింది, ముందుకు రమ్మంటావు. రేపు ఇంకోటి మారుతుంది, వెనక్కి పొమ్మంటావు. ఈ వయసులో మంచం వెంట నేను తిరగలేనురా. పదవే, కారు తియ్యి."

ఆడపడుచు తాళంచెవులు అందుకుంది. పెద్దావిడ గుమ్మం దాటి మెట్టు దిగుతూ గోడ పట్టుకుంది. కోడలి చెయ్యి తనంత తానే ముందుకు సాగింది. కానీ అంతకుముందే ఆయన వెళ్ళి తల్లి చంకలోని సంచీ పట్టుకున్నాడు. లాక్కోలేదు, వదలనూ లేదు.

వీధికవతలినుంచి చెప్పులు కుట్టేవాడు ఈ మెట్టుమీది వ్యవహారమంతా చూస్తూనే ఉన్నాడు. ఆయన ఒకసారి అటు చూశాడు. సెన్సరని మొదలుపెట్టబోయి ఆగాడు. సాఫ్ట్‌వేరని మొదలుపెట్టి అదీ మింగాడు.

"నువ్వు మళ్ళీ పడిపోతావేమోనని భయమమ్మా. ఎరుపు కనబడగానే ఇదే కారణమని పట్టేసుకున్నాను. బొమ్మ అందంగా రావాలని వంటిల్లు తీసేసింది నేనే. అంకెలు చూడనిదీ నేనే. నీ గదికి ఏమీ లేదు." ఒకసారి ఊపిరి పీల్చుకొని, వీధికి కూడా వినబడేంత గట్టిగా అన్నాడు. "తప్పు నాదేనమ్మా."