పదిహేను దినాలకు రాలుతయి

బాలమణి చూపుడువేలితో ఆ మనిషి ముఖాన్ని కొంచెం పైకెత్తి, కత్తిని చెవి దగ్గర నుంచి గడ్డం దాకా లాగింది. చిన్న కత్తి, కనుబొమలు దిద్దుకునేంత సన్నది. నురుగు పూసిన చెంప మీద అది పోయినంత మేరా దారి పడింది. ఎడమ చేతిలో తడిదూది. ఒక లాగు, ఒక తుడుపు. ఆరేళ్లుగా ఇదే వరస. లేజరు పెట్టేముందు చర్మం పైన వెంట్రుక ఉండకూడదు, లోపలి కుదురు మాత్రం కదలకూడదు. అందుకే పీకకుండా గీకాలి. గద్వాలలోని ఆ చర్మరోగాల దవాఖానకు డాక్టరు సౌందర్య అయితే, గీకుడు పనికి బాలమణి.

బల్ల మీద పడుకున్నది వనజ అని, వనపర్తిలో కాలేజీ లెక్చరరు. ఇది ఆమెకు మూడోసారి. చదువు చెప్పే మనిషి కదా, నోరు ఊరుకోదు. మొదటిసారి చేయించుకున్నప్పుడు పదో రోజుకే వెంట్రుకలు మళ్లీ మొలుచుకొచ్చాయనీ, మోసపోయానని డాక్టరుతో పోట్లాడదామని బయలుదేరిందనీ, సరిగ్గా ఆ పొద్దే ముఖం కడుక్కుంటుంటే అన్నీ చేతిలోకి వచ్చేశాయనీ నవ్వుతూ చెప్పింది. బాలమణి ఈ కథ చాలామంది నోట విన్నది. అయినా కొత్తగా విన్నట్టే తల ఊపింది.

"అవి మొలిచినయి కాదమ్మా," అంది. "లోపల కాలి సచ్చినవే బయటికొస్తుంటయి. మన్కు మొలిచినట్టు కనబడతది. పదిహేను దినాలకు వాటంతటవే రాలుతయి. అందాక పీకొద్దు."

తర్వాత మిగతావి కూడా అప్పజెప్పింది. ఎండకు పోవద్దు. పసుపు, శనగపిండి పెట్టొద్దు. వేడినీళ్లు పోసుకోవద్దు. రుద్దొద్దు, మెత్తటి గుడ్డతో అద్దుకోవాలె. ఆమెకు అక్షరం రాదు. డాక్టరు ఇచ్చే కాగితంలో ఏ మాట తర్వాత ఏ మాటో మాత్రం తప్పు పోకుండా చెబుతుంది. ఈ మాటలు ఎవరికి చెప్పినా గొంతు మారేది కాదు. ఇవాళ "ఎండకు పోవద్దు" అన్నచోట మాట తడబడి మళ్లీ చెప్పింది. వనజ గమనించలేదు. ఆమె కాలేజీకి కారులో పోయి కారులో వస్తుంది.

బుధవారం. నెలలో మొదటి బుధవారం, మూడో బుధవారం కర్నూలు నుంచి వ్యానులో లేజరు మిషను వస్తుంది. అది వచ్చిన రోజు దవాఖాన కిటకిటలాడుతుంది. మిగతా రోజుల్లో గజ్జి, తామర, మొటిమలు. మిషను రోజున మాత్రం మల్దకల్ నుంచి, పెబ్బేరు నుంచి కూడా ఆడవాళ్లు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వచ్చి, వరసలో ఒకరినొకరు చూడకుండా కూర్చుంటారు. మొదట్లో బాలమణికి వింతగా ఉండేది. ఆడదాని గడ్డం మీద నాలుగు వెంట్రుకలుంటే దానికి ఇంత పరేషానా అనుకునేది. ఆమె పుట్టి పెరిగిన వాడలో అట్లాంటివాళ్లు ముగ్గురు నలుగురుండేవాళ్లు. వాళ్లకు పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు. మట్టి మోశారు, ముసలివాళ్లయ్యారు. ఎవరూ దాని గురించి మాట్లాడిన గుర్తు లేదు.

బాలమణి కూడా మట్టి మోసిందే. మొగుడు ఎల్లయ్యతో పుణె దిక్కు పదకొండేళ్లు తిరిగింది. రోడ్డు పనులు, కాలువ పనులు, రేకుల డేరాలు. ఎల్లయ్య అక్కడే జ్వరం తగిలి పోయాడు. అప్పటికి బిడ్డ హెప్సిబాకు పన్నెండేళ్లు. ఆ పిల్లను తీసుకుని మల్దకల్ తోవలోని సొంత ఊరికి వచ్చింది. చర్చి పాస్టరమ్మ ఎవరితోనో చెప్పించి ఈ దవాఖానలో ఊడ్చే పనికి పెట్టించింది. చేతి నిమ్మళం చూసి, కొన్నాళ్లకు డాక్టరే కత్తి చేతికిచ్చింది. నీడలో, ఫ్యాను కింద, కుర్చీలో కూర్చుని చేసే పని తన బతుకులో వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. అందుకే ఆ పనిని దేవుడిచ్చిన వరంలాగే చూసుకుంది. ఆ గదిలో అనే ప్రతి మాటనూ నమ్మింది.

చిక్కల్లా అక్కడే వచ్చింది. రోజూ ఎవరెవరి గడ్డాలో చూసీ చూసీ, ఒకనాడు అన్నం తింటూ తలెత్తితే బిడ్డ గడ్డం కనబడింది.

హెప్సిబాకు పద్దెనిమిదేళ్లప్పటి నుంచే గడ్డం కింద, దవడల వెంట నల్లటి వెంట్రుకలున్నాయి. ఇప్పుడు ఆమెకు ఇరవై నిండాయి. పొలంలో తోటి కూలీలు ఏమన్నా అంటే, "నాకు మీసమొస్తె మేస్త్రి పని నాకే ఇస్తరు" అని వాళ్లకంటే ముందు తనే నవ్వేది. అద్దంలో తల దువ్వుకోవడానికి తప్ప చూసుకునేది కాదు. పరేషాన్ అంతా తల్లికే. ఆరేళ్లలో ఏదీ అడగని మనిషి డాక్టరు ముందు చేతులు నలుపుకుంటూ నిలబడి, నా బిడ్డకు ఒక్కసారి పెట్టండి మేడం అంది. డాక్టరు మంచి మనిషి. వచ్చే బుధవారమే తీసుకురమ్మంది.

ఇంకో నెల ఆగి ఉంటే ఏమీ అయ్యేది కాదు. ఆ మాట బాలమణి ఈ పదిహేను రోజుల్లో ఎన్నిసార్లు అనుకుందో లెక్క లేదు. ఆగితే డాక్టరు మనసు మారుతుందేమోనని భయపడింది. అది శ్రావణం, విత్తనం కోసం పెంచే సీడు పత్తికి క్రాసింగు జరిగే కాలమని ఆమెకు తెలియక కాదు. గద్వాల చుట్టుపక్కల పుట్టినవాళ్లెవరికి తెలియదు? మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఆడ చెట్టు మొగ్గలను ఒక్కొక్కటే గోటితో ఒలిచి గుర్తు పెట్టాలి. తెల్లారి మగ చెట్టు పూలు తెంపుకొచ్చి, ఆ ఒలిచినవాటికి రుద్దాలి. ఒలిచిన మొగ్గ ఒక్క పూటే ఆగుతుంది. ఆ పూట మనిషి రాకపోతే అది రాలిపోతుంది, రైతు నెత్తిన గుడ్డే. అందుకని క్రాసింగుకు ఒప్పుకున్న పిల్ల జ్వరమొచ్చినా ఇంట్లో పడుకోదు.

ఆ బుధవారం ఇదే బల్ల మీద బిడ్డను పడుకోబెట్టి బాలమణే గీకింది. చిన్నప్పుడు నీళ్లు పోసినప్పటి తర్వాత ఆ ముఖాన్ని అంత దగ్గరగా ముట్టుకున్నది మళ్లీ ఆ రోజే. కత్తి కదులుతుంటే హెప్సిబా చక్కిలిగింతలు పెట్టినట్టు నవ్వింది. కదలకు బిడ్డా, తెగుతదని గదమాయించింది. తర్వాత ఐసు పెట్టింది. కలబంద జెల్లు పూసింది. అందరికీ చెప్పినట్టే అన్నీ చెప్పింది. ఎండకు పోవద్దన్న మాట కూడా చెప్పింది, చెప్పకుండా ఎట్లా ఉంటుంది?

మరునాడు తెల్లారకముందే భీమన్న బండి వాకిట్లో ఆగింది. అతనిది అర ఎకరం సీడు పత్తి. నిన్న మధ్యాహ్నం మిగతా పిల్లలు ఒలిచిన మొగ్గలన్నీ చేలో ఎదురుచూస్తున్నాయి. ఒక మనిషి తక్కువైనా అయ్యే పని కాదని అతను ఏడుపు ముఖం పెట్టాడు. రెండు రోజులు పోవద్దని బాలమణి అంది గానీ, ఆ మాట ఆమెకే బలంగా వినబడలేదు. హెప్సిబా ముఖానికి డాక్టరిచ్చిన ఎండ క్రీము పూసుకుని, పైన తువ్వాల బిగించి కట్టుకుని పోయింది. పది గంటలకల్లా చెమటకు క్రీము కారిపోయింది. తువ్వాల తడిసి, దుమ్ము పట్టి, పొద్దంతా ఆ కాలిన చర్మం మీదే రాసుకుంది. ఈ ఏడు శ్రావణంలో వాన జాడ లేదు. నాలుగో రోజుకు దవడలు ఎర్రగా కందాయి. వారానికి నల్లబడ్డాయి. రెండు వైపులా అరచెయ్యంత మచ్చలు, వాటి మధ్య ముళ్లలాగా నిలబడిన వెంట్రుకలు. అవి రాలుతాయని ఆమె రోజూ రాత్రి బిడ్డకు చెబుతూ వచ్చింది. హెప్సిబా ఊ అనేది. ఎదురుమాట ఒక్కటి అనలేదు. అదే బాలమణికి తట్టుకోరానిది.

వనజ లేచి, అద్దంలో చూసుకుని, మిషను గదిలోకి పోయింది. ఇంకా నలుగురున్నారు. బాలమణి దూది మార్చి, కత్తి కడిగి తలెత్తితే తలుపులో హెప్సిబా కనబడింది. ముఖానికి చున్నీ చుట్టుకుని, కళ్లు మాత్రమే తెరిచి, చెప్పులు బయట విడిచి, కొత్తచోటికి వచ్చినదానిలాగా నిలబడి ఉంది. వస్తానని పొద్దున చెప్పలేదు.

మధ్యలో కాస్త తెరిపి చూసి డాక్టరు లోపలికి పిలిచింది. హెప్సిబా చున్నీ విప్పింది. డాక్టరు దీపం దగ్గరికి లాగి, గ్లవుసు వేళ్లతో మచ్చ అంచులు నొక్కి చూసింది.

"ఎండకు పోవద్దని చెప్పలేదా బాలమణీ?"

"చెప్పిన మేడం," అంది బాలమణి.

అది అబద్ధం కాదు. నిజం కూడా ఆమె నోట్లో అబద్ధంలాగే పలికింది. డాక్టరు ఇంకేదో అనబోయి, హెప్సిబా చేతుల వైపు చూసి ఆగిపోయింది. మొగ్గలు ఒలిచీ ఒలిచీ ఆ పిల్ల బొటనవేలి గోరు సగం అరిగి నల్లబడి ఉంది. డాక్టరు క్రీము రాసిచ్చింది. మళ్లీ లేజరు ఇప్పట్లో వద్దంది. ఆరు నెలలో, ఏడాదో, ఎండ తగలకుండా చూసుకోవాలంది.

"నీడపట్టున ఉంటె పోతదా మేడం?" అని అడిగింది హెప్సిబా.

చాలావరకు పోతుందని డాక్టరు అంది. పూర్తిగా పోతుందని మాత్రం మాట ఇవ్వలేదు.

బయట మందుల గూడు పక్కన హెప్సిబా చున్నీ మళ్లీ చుట్టుకుంటూ విషయం చెప్పింది. చిన్నమ్మ బిడ్డ రోజా హైదరాబాద్ అవతల మందు గోలీలు ప్యాకింగు చేసే కంపెనీలో పని చేస్తున్నది. నిన్న ఫోను చేస్తే రమ్మంది. లోపలే పని, కిటికీలు కూడా ఉండవట. భీమన్నకు నిన్ననే చెప్పేసింది, అతను వేరే పిల్లను చూసుకున్నాడు. ఇప్పుడు ఇంటికి పోయి స్నానం చేసి, సంచి తీసుకుని మూడున్నర రైలుకు పోతుంది. అన్నీ అయిపోయిన తర్వాత చివరికి తెలిసింది తల్లికి.

"తెల్లారకముందే మబ్బున పోదువు బిడ్డా. రేపు నేను తోలిస్త," అంది బాలమణి.

"రేపు నీకు పని ఉండదా?"

లోపల నుంచి ఎవరో ఆయమ్మా అని పిలిచారు. బాలమణి కదలలేదు.

హెప్సిబా గొంతు పెంచలేదు. కోపం కూడా లేదు. తెలియక అడిగినట్టే అడిగింది. "నేనెన్నడన్న నా గడ్డం బాగలేదని నీతోటి అన్ననా అమ్మా?"

"అనలేదు బిడ్డా," అంది బాలమణి. "నాకే అట్ల అనిపించింది."

హెప్సిబా తల ఊపింది. తల్లి భుజం మీద అంటుకున్న దూది పోగును తీసి పారేసి, చెప్పులేసుకుని మెట్లు దిగింది. బాలమణి ఆమె వెనక గేటు దాకా పోయింది. అక్కడి నుంచి ఎండ మొదలవుతుంది. పిల్ల ఆ ఎండలో పడి ఆటోల దిక్కు నడిచిపోయింది. డాక్టరును ఒక గంట అడిగితే కాదనేది కాదు. అడగాలని కూడా బాలమణి అనుకుంది. కానీ స్టేషనుకు పోయి ఏం చేయాలి? పోవద్దని ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? ఇక్కడ ఉంటే ఎండ తప్ప ఆ పిల్లకు తను చూపించగలిగింది ఏమీ లేదు.

తిరిగి వచ్చి కత్తి పట్టుకుంది. తర్వాతి మనిషి పెళ్లి కుదిరిన పిల్ల. భయపడుతూ నొస్తదా అని అడిగింది. నొయ్యదని చెప్పింది. లేజరు అయ్యాక ఆ పిల్ల చెంపకు ఐసు అద్దుతుంటే దూరంగా రైలు కూత వినబడింది. బాలమణి చెయ్యి ఆగింది. ఐసు ఒక్కచోటే ఎక్కువసేపు ఉండిపోయేసరికి ఆ పిల్ల అబ్బా అని ముఖం తిప్పుకుంది. బాలమణి ఉలిక్కిపడి, ఐసును ఇంకో చెంపకు మార్చి, పాఠం మొదలుపెట్టింది. ఎండకు పోవద్దు. పసుపు పెట్టొద్దు. పదిహేను దినాలకు రాలుతయి.

పొద్దు వాలాక ఊళ్లో ఆటో దిగింది. ఇంటికి గొళ్లెం మాత్రమే పెట్టి ఉంది. లోపల అన్నం గిన్నె మీద మూత, దాని పక్కన మామిడి తొక్కు. గూట్లో హెప్సిబా దువ్వెన లేదు, గోడ మేకుకు సంచి లేదు. డాక్టరు రాసిచ్చిన క్రీము కాగితం కూడా తీసుకుపోయింది. అది చూసి బాలమణికి కొంచెం ఊపిరాడినట్టయింది, వెంటనే ఏడుపొచ్చింది. గడపలో కూర్చుని కాసేపు ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకుందామని దండెం మీది తువ్వాల లాగింది.

క్రాసింగుకు పోయేటప్పుడు పిల్ల ముఖానికి కట్టుకున్న తువ్వాలే. ఉతికి, స్నానం చేశాక ముఖం అద్దుకుని ఆరేసి పోయింది. ముఖం దగ్గరికి తెచ్చిన బాలమణి చేతులు అక్కడే ఆగిపోయాయి. లేచి, గుడ్డను వాకిలి వెలుతురులోకి తెచ్చింది. తెల్లటి గుడ్డ నడుమ, గడ్డం ఆనిన చోట, పొట్టి పొట్టి నల్లని వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. ఒకటి రెండు కాదు, బోలెడు. వేలితో ఒకదాన్ని ఎత్తి చూసింది. ఆరేళ్లు ఆ పని చేసిన కన్ను అది, పీకినదేదో రాలినదేదో దానికి తెలుసు. ఇవి రాలినవి. ఎండలో కాలుతూ, అద్దంలో చూసుకుంటూ, పదిహేను రోజులూ హెప్సిబా ఒక్కటంటే ఒక్కటి పీకలేదు. తల్లి చెప్పినవాటిలో తన చేతిలో ఉన్న మాటను ఆ పిల్ల తప్పలేదు.

బాలమణి తువ్వాలను దులపలేదు. ఉన్నదున్నట్టు మడత పడకుండా మళ్లీ దండెం మీద వేసింది. దాని ఒక కొస ఇంకా తడిగానే ఉంది.