పసుపు పెట్టెలు

పసుపు పెట్టె పక్కనే పెయింటరన్నను పట్టుకున్నారు. వాడిన ఇంజెక్షన్ సూదిని అందులో వేయబోతుంటే పోలీసులు జుట్టు పట్టి ఈడ్చారు. మేమంతా చూశాం.

"సూది రోడ్డు మీద పారేస్తే తప్పంటారు. పెట్టెలో వేస్తే పట్టుకుంటారు. ఇక మింగమంటారా సార్?" అన్నాడు. లాఠీలే జవాబు చెప్పాయి.

ఆ పెట్టెలు అక్కడ పెట్టించింది మేమే. మత్తుకు అలవాటుపడ్డ మాలాంటివాళ్లకు శుభ్రమైన సూదులిచ్చే కేంద్రంవాళ్లు పోయినేడాది మమ్మల్ని పిలిచి, కుర్చీలేసి, "మీకేం కావాలో మీరే చెప్పండి" అన్నారు. కుర్చీ చూసి మురిసిపోయాం! వంతెన కింద, గోదాము వెనక, ఎక్కడెక్కడ చేరతామో దగ్గరుండి చూపించాం. పెట్టెలకు రంగు వేసింది పెయింటరన్నే. "మసక కళ్లకు కూడా కనబడాలిరా" అనేవాడు. పోలీసులకూ కనబడింది.

దెబ్బలు తిని వచ్చాక అన్న ఎవరి కంటా పడలేదు. గదికి గడియ పెట్టుకుని, ఒక్కడే సూది వేసుకున్నాడు. మోతాదు మించితే ఆగిన ఊపిరిని తిరిగి తెప్పించే మందు మా అందరి జేబుల్లోనూ ఉంది. తలుపు పగలగొట్టేసరికి ఒళ్లు చల్లబడిపోయింది.

అన్న చెల్లెలు బట్టలు కుట్టే మనిషి. మమ్మల్ని వెంటేసుకుని కేంద్రానికి వెళ్లింది.

"మావాళ్లు చేరే చోట్లు పోలీసులకు చెప్పిందెవరు?"

మేనేజరు తలెత్తలేదు. "చెప్పకపోతే కేంద్రం మూయిస్తామన్నారమ్మా. మీ మంచికే..."

"కుర్చీలేసి అన్నీ అడిగారుగా. ఈ మాటెందుకు అడగలేదు?"

"అడిగితే ఒప్పుకునేవారా?"

నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. పోలీసు కొడితే ఒళ్లు నొప్పి పుట్టింది. ఈ మాటకు మాత్రం కడుపు మండిపోయింది.

మర్నాడు పెట్టెలన్నీ తాళాలతో సహా పెకిలించి, కేంద్రం గుమ్మంలో వరసగా పేర్చి కూర్చున్నాం. గోదాము కూలీలు గుమిగూడారు.

"మత్తుగాళ్ల గొడవ మనకెందుకు?" అన్నాడొకడు.

"మొన్న సమ్మెలో నీ వీపు పగలగొట్టిన లాఠీయే మా అన్నను కొట్టింది. వీపులే వేరు" అంది చెల్లెలు. వాడి చెయ్యి వీపు మీదికి పోయింది.

"పెట్టెలు ఎక్కడ పెట్టాలో, ఆ సంగతి ఎవరికి చెప్పాలో ఇక మేమే తేలుస్తాం. అందాకా కదలం!" అని అరిచాం.

వ్యాను వచ్చింది. "మీ నాయకుడెవడు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"చంపేశారుగా" అంది చెల్లెలు.

అందరినీ వ్యానులో కుక్కి బయట గడియ వేశారు. "మందు ఎవరి దగ్గరుంది?" అని లోపల ఆమె గొంతు. అందరం జేబులు తడిమి చూసుకున్నాం. "ఉంచుకోండి. ఇక ఎవరూ ఒంటరిగా ఉండొద్దు."

వ్యాను కదిలింది. కిటికీ ఊచల్లోంచి చూస్తే, మేం లేచిన చోట కూలీలు కూర్చుంటున్నారు.