ముల్లు తొంభై మూడు చూపించిన రోజు

ముప్పై ఏళ్లుగా స్టీరింగు పట్టిన మునస్వామిని ఎవరూ నిదానం మనిషి అనలేదు. 1983 ఫిబ్రవరి తర్వాత అందరూ అదే మాట అనసాగారు. చిత్తూరులో బెల్లం లోడు ఎత్తుకుని బెంగళూరుకు బయలుదేరితే, మొగిలి ఘాటు ఎక్కడానికి అతని లారీకి నలభై నిమిషాలు పట్టేది. అంతే లోడుతో అదే యజమాని రెండో లారీ అందులో సగం సేపట్లో ఎక్కేసేది.

యజమాని పేరు భారతమ్మ. భర్త పోయాక రెండు లారీల వ్యవహారమూ ఆమే చూసుకుంటోంది. ఒక సాయంత్రం షెడ్డులో అందరి ముందూ మునస్వామిని నిలదీసింది.

"ఏం మునస్వామీ, ఘాటు కింద యాడన్నా నిలిపి నిద్రపోతా ఉండావా?"

"లేదమ్మా. బండి లాగడం లేదు. రెండో గేరు కూడా పట్టదు. ఫస్టులోనే మూలుక్కుంటా ఎక్కతాది."

"ఇంజిన్ విప్పి కొత్తగా చేసి రెండు నెల్లన్నా కాలేదు గదప్పా! చేసింది మా ఆదిమూలం. వాడు చేసిన ఇంజిన్ లాగకుండా యాడికి పోతాది?"

ఆదిమూలం ఆమె తమ్ముడు. చిత్తూరులో పేరున్న డీజిల్ మెకానిక్. అతను అప్పుడే ఇంజిన్ స్టార్ట్ చేసి, స్క్రూడ్రైవరు మొనను దాని మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని విన్నాడు. "శబ్దం బాగనే ఉండాదే మునస్వామన్నా. నీకే వయసైపోతా ఉండాది. కాలు గట్టిగా తొక్కడం లేదేమో సూడు" అని నవ్వాడు. షెడ్డులో వాళ్లంతా నవ్వారు.

మునస్వామి నవ్వలేకపోయాడు. ఆ మాట అతన్ని వదల్లేదు. తర్వాతి ట్రిప్పులో ఘాటు ఎక్కుతూ రెండు మూడు సార్లు తల వంచి తన కుడికాలు చూసుకున్నాడు. యాక్సిలరేటరు అడుగుకంటా దిగే ఉంది. అయినా పక్కనుంచి బస్సులు, లారీలు, ఆఖరికి టమోటా గంపల వ్యాను కూడా దాటిపోతున్నాయి.

ఏప్రిల్‌లో ఒకరోజు తిరుపతిలోని ఒక ఇంజనీరింగు కాలేజీ హాస్టలుకు బియ్యం మూటలు తోలాడు. మూటలు దించాక లారీ వెనక్కు తీస్తుంటే ఆ ఆవరణంతా నల్లటి పొగ కమ్మింది. అటుగా వెళ్తున్న ఒకామె చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆగింది. తిడుతుందేమోనని మునస్వామి ముందే దిగి చేతులు జోడించాడు.

ఆమె తిట్టలేదు. "ఏమన్నా, చాన్నాళ్లుగా ఇట్లనే పొగ వస్తా ఉండాదా? గట్టెక్కేటప్పుడు బండి లాగతాదా?" అని అడిగింది.

రెండు నెలల్లో ఆ ప్రశ్న తనను అడిగిన మొదటి మనిషి ఆమె. మునస్వామి అక్కడే నిలబడి కథంతా చెప్పుకున్నాడు. ఆమె పేరు పంకజాక్షి. సొంతూరు కార్వేటినగరం. ఆ కాలేజీలో ఇంజిన్ల ల్యాబు చూసుకునే లెక్చరరు. ల్యాబులో డైనమోమీటరనే యంత్రం ఉందనీ, ఇంజిన్‌ను దానికి బిగిస్తే ఎంత బలం ఇస్తోందో ముల్లు చూపిస్తుందనీ, తన విద్యార్థులకు నిజమైన లారీ ఇంజిన్ మీద పరీక్ష చూపించాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాననీ చెప్పింది. భారతమ్మ పేర ఒక ఉత్తరం రాసిచ్చింది.

ఉత్తరం చదివించుకుని భారతమ్మ ఆశ్చర్యపోయింది. "బెల్లం దిమ్మెలు తూకం వేసినట్ల ఇంజిన్ బలం కూడా తూకం వేస్తారంటనా?"

"వెయ్యనీలే అక్కా. నా పని మీద నాకేం భయం?" అన్నాడు ఆదిమూలం.

ఒక సోమవారం ఇంజిన్‌ను గొలుసు కప్పీతో పైకెత్తి, రెండో లారీలో తిరుపతికి తెచ్చారు. ల్యాబులో ఇనుప దిమ్మెల మీద దాన్ని బిగించడానికి ఆదిమూలానికి సగం రోజు పట్టింది. మర్నాడు ఉదయం పది గంటలకు పాతికమంది విద్యార్థులు గోడవారగా నిలబడ్డారు. భారతమ్మకు ఒక కుర్చీ వేశారు. మునస్వామి కూర్చోలేదు.

పంకజాక్షి అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. ఇంజిన్ తిప్పే ఇరుసు ఆ గుండ్రటి పెట్టెలోకి వెళ్తుంది. పెట్టెలో నీళ్లుంటాయి. ఆ నీళ్లే ఇంజిన్‌ను తిరగనీయకుండా అడ్డుపడతాయి. ఇంజిన్ ఎంత బలంగా తోస్తే పెట్టెకున్న చెయ్యి అంత బరువుగా కాటాను లాగుతుంది. "నిమిషానికి రెండు వేల చుట్ల దగ్గర కాటా ఎన్ని కిలోలు చూపిస్తే మన ఇంజిన్‌కు అన్ని గుర్రాల బలం ఉన్నట్టు లెక్క. కొత్తదైతే తొంభై అయిదు రావాల."

ఇంజిన్ అందుకుంది. తలుపులు అదిరాయి. పెట్టెలోకి నీళ్లు వదిలే చక్రాన్ని పంకజాక్షి తిప్పేకొద్దీ ఇంజిన్ గొంతు బరువెక్కింది. మునస్వామికి ఆ మూలుగు బాగా తెలుసు. ఘాటు రెండో మలుపులో వినిపించేది అదే. రెండు వేల దగ్గర ముల్లు వణికి నిలబడింది. అరవై ఆరు.

పంకజాక్షి పలకమీద అంకె రాసి పైకెత్తి చూపింది. ఇంజిన్ ఆపించింది.

"అరవై ఆరేనా?" అంది భారతమ్మ. "అంటే ముప్పై గుర్రాలు యాడికి పోయినట్టు?"

ఆదిమూలం మొహం ఎర్రబడింది. కానీ అతను గొడవకు దిగలేదు. పానాలు అందుకుని ఇంజిన్ దగ్గర కూర్చున్నాడు. ముందు డీజిల్ చిమ్మే నాజిళ్లు ఒక్కొక్కటీ తీసి చూశాడు. మూడోది సన్నటి తుంపర కొట్టకుండా బొట్లుబొట్లుగా కారుతోంది. అది మార్చి మళ్లీ నడిపారు. డెబ్బై ఒకటి.

"ఇంకేందో ఉండాది" అని గొణుక్కుంటూ డీజిల్ పంపు దగ్గర వంగాడు. గుడ్డతో జిడ్డు తుడిచాడు. లైటు దగ్గరగా పట్టుకున్నాడు. పంపు బిగించినచోట రెండు గీతలు ఒకదానికొకటి ఎదురెదురుగా ఉండాలి. ఒకటి పక్కకు జరిగి ఉంది. డీజిల్ ప్రతిసారీ ఆలస్యంగా పడుతోంది.

ఆదిమూలం లేచి నిలబడ్డాడు. కావాలంటే చప్పుడు చేయకుండా గీతలు కలిపేసి ఊరుకోగలడు. అక్కడ ఆ సంగతి పసిగట్టేవాళ్లు పంకజాక్షి తప్ప ఎవరూ లేరు.

"అక్కా, తప్పు నాది" అన్నాడు. "పంపు బిగించేటప్పుడు గీత సరిగా సూసుకోలేదు. మునస్వామన్నా, రెండు నెల్లు నిన్ను ఉత్తపుణ్యానికి ఎగతాళి చేసినాను. మనసులో పెట్టుకోవద్దు."

మునస్వామి కుడికాలు కొంచెం ముందుకు చాపాడు. "పోనీలేప్పా... నా కాలు బాగనే ఉండాదని తెలిసింది, అది చాలు" అన్నాడు. విద్యార్థులు గొల్లున నవ్వారు. ఈసారి అందరికంటే గట్టిగా నవ్విందీ అతనే.

గీతలు కలిపి నడిపితే ఎనభై ఎనిమిది. గదిలో కేకలు లేచాయి. అయినా పంకజాక్షి ఆపనివ్వలేదు. "ఇంకొంచెం ముందుకు జరిపి సూడన్నా" అంది. ఆదిమూలం పంపును వెంట్రుకవాసి జరిపాడు. తొంభై మూడు. ఆశపడి ఇంకాస్త జరిపాడు. ఇంజిన్ డబడబా కొట్టుకోసాగింది, ముల్లు తొంభైకి జారింది. "వద్దు వద్దు, యెనక్కి రా!" అని పంకజాక్షి, మునస్వామి ఒకేసారి అరిచారు. వెనక్కి జరిపి బిగించాక ముల్లు మళ్లీ తొంభై మూడు దగ్గర కుదురుగా నిలిచింది. పొగ గొట్టం చివర గాలి అదరడం తప్ప ఏమీ కనబడలేదు.

భారతమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి ఆ ముల్లును దగ్గరగా చూసింది. గంటసేపటి తర్వాత విద్యార్థులందరికీ వేడివేడి మైసూర్ బోండాలు వచ్చాయి. ఆదిమూలం వెళ్లబోతుంటే పంకజాక్షి ఆపింది. నెలకు రెండు రోజులు వచ్చి నాజిళ్లు సరిచేయడం పిల్లలకు నేర్పమని అడిగింది. "నేనా? నేను చదివింది అయిదో తరగతి మేడమ్" అన్నాడు. "నా చదువంతా పెట్టినా ఆ నాజిల్ నేను అంత తొందరగా పట్టలేనన్నా" అంది ఆమె. అతను ఒప్పుకున్నాడు.

మే నెల మొదటి మామిడి లోడు. ఎనిమిది టన్నుల బేనీషా కాయలు. తెల్లవారగానే బయలుదేరబోతుంటే భారతమ్మ వచ్చి క్యాబిన్ తలుపు పట్టుకుంది. ఇన్నేళ్లలో ఆమె తన లారీ ఎక్కింది లేదు.

"నేనూ వస్తా. పలమనేరులో దిగి బస్సులో తిరిగొస్తాలే. ఆ ఘాటు సంగతేందో నా కండ్లతో సూడాల."

మొగిలి దాటి ఎత్తు మొదలయింది. మునస్వామి మూడో గేరులో పట్టి తొక్కాడు. లారీ ఆగలేదు, మూలగలేదు. ముందు పోతున్న బస్సును రెండో మలుపులో దాటింది. భారతమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, బస్సులోవాళ్లకేసి చేయి ఊపింది. జుట్టు ముడి ఊడిపోయినా పట్టించుకోలేదు. ఘాటు పైకి చేరేసరికి ఆమె గడియారం పద్దెనిమిది నిమిషాలు చూపించింది.

"నిన్ను నిద్రపోతా ఉండావన్న నోరిది" అంది ఆమె మెల్లగా. "ఏమనుకోవద్దు మునస్వామీ."

"అయ్యో, అదెప్పుడో మరిచిపోయినానమ్మా."

పలమనేరు బస్టాండు దగ్గర అతను లారీ నిలిపాడు. ఆమె దిగలేదు. చల్లటి గాలి వస్తోంది. వెనకనుంచి మామిడికాయల వాసన క్యాబిన్ నిండా ఉంది.

"బస్సూ వద్దు, గిస్సూ వద్దు" అంది, సీటు మీద కాళ్లు మడుచుకుని కూర్చుంటూ. "బెంగళూరు దాకా పోనీ!"