సీ షిఫ్టు వారం

సీ షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ వారం వచ్చిందంటే ఆ ఇంట్లో కుక్కరుకి నోరుండేది కాదు. ఆదివారం సాయంత్రం గురునాథరావు వంటింట్లోకి వచ్చి, కుక్కరు మీది విజిల్ ఊడబెరికి, తువ్వాలుతో తుడిచి, బీరువాలో తన సర్టిఫికెట్ల పక్కన పెట్టి తాళం వేసేవాడు. తాళంచెవి చొక్కా జేబులోకి పోయేది. రాత్రంతా ఉక్కు ఫ్యాక్టరీలో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర మాడి పొద్దున్నే వచ్చి పడుకునే మనిషికి పగలు నిద్ర కావాలి. ఆ మాట భార్య వరహాలు కూడా కాదనలేదు. విజిల్ పెట్టొద్దు అంటే మానేసేదే. కానీ నోటితో చెప్పడం వేరు, ఊడబెరికి తాళం వేయడం వేరు. పసిపిల్ల చేతికి అందకుండా అగ్గిపెట్టె దాచినట్టు దాచేవాడు. ఇక ఆ వారమంతా గిన్నెలో ఎసరు పెట్టి, అన్నం వార్చి, గంజి చప్పుడు కాకుండా తూములో పొయ్యాలి. బట్టలు బండకేసి బాదకూడదు, పిసకాలి. దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకోవాలి. కూతురు జ్యోతిర్మయిని బళ్ళో వేసిన కొత్తలో టీచరు పిలిచి, పిల్ల ఏం చెప్పినా గుసగుసగానే చెబుతోంది, గొంతుకేమైనా జబ్బా అని అడిగింది. జబ్బు గొంతులో లేదు, ఇంట్లో ఉంది. వరహాలు ఆ మాట అనలేక నవ్వి ఊరుకుంది.

ఉక్కునగరంలో ఆ రెండు గదుల కోటరు గురునాథరావుకి ఊరికే రాలేదు. ప్లాంటు కట్టినప్పుడు వాళ్ళ ఊరు పోయింది, ఊరితోపాటు అతని తల్లి పోతమ్మ నాట్లు వేసిన మడి పోయింది. ఆ మడికి బదులు ఇంటికో ఉద్యోగం అన్నారు. పోతమ్మ వేలిముద్ర వేసింది, కొడుకు ఉద్యోగంలో చేరాడు. ఆ తర్వాత అతనికి ఆ సంగతి గుర్తున్నట్టు కనపడలేదు. యూనిఫాం వేసుకున్నవాడు మడి బురద గుర్తుంచుకుంటే ఇస్త్రీ చెడిపోతుంది కదా.

పొద్దుటి డ్యూటీ అయిన ఏ షిఫ్టు వారం మాత్రం వేరే. అతను చీకటితోనే పోయేవాడు. అత్తాకోడళ్ళిద్దరూ వెనక బాల్కనీలో కత్తిపీట ముందేసుకుని గంగవరం నుంచి వచ్చిన నెత్తళ్ళ చేపలు బాగుచేస్తూ కూర్చునేవాళ్ళు. పోతమ్మ నాట్ల పాట ఎత్తేది. పాట పాతదే, కానీ మధ్యలో ఒక చరణం దగ్గర ఆగి కోడలి వైపు చూసేది. అక్కణ్ణించి వరహాలు కట్టాలి. చిన్నప్పటినుంచీ ఆమెకి అదే విద్య. తల్లి కాశమ్మ నేర్పింది. కాశమ్మ భీమిలి అవతల ఊళ్ళో పెళ్ళికి పెళ్ళిపాట, చావుకి శోకం అప్పటికప్పుడు కట్టి పాడే మనిషి.

"నారు పట్టుకోనేటి నడుం వంగిపోనాది" అని పోతమ్మ అందుకునేది.

"నడుం వంగిన కాడల్లా నాలుగ్గింజలు మొలిసినాయి" అని వరహాలు తిప్పికొట్టేది.

గ్యాసుబండ రాకపోతే దానిమీద పాట. నీళ్ళు రాకపోతే నీళ్ళమీద. ఒకరోజు ఎండలోనే వాన పడితే, "సన్నగా వానొచ్చి సముద్రమ్మీద, సేపలమ్మి గంపలో తడిసింది ఎండ" అంది. పోతమ్మ చేతిలో చేప జారి కింద పడేంత నవ్వింది. పక్క కోటర్లో గోదావరి జిల్లావాళ్ళు, కామేశ్వరి అని, బాల్కనీ మీంచి తల పెట్టి, "ఇంకోటి అందుకోండి వరాలుగారూ, మా పప్పు మాడిపోయినా పర్లేదు" అనేది. వరహాలుకి బతుకులో సంతోషం అంటే ఇంతే. దానికి డబ్బు అక్కర్లేదు, మగాడి చేయి అక్కర్లేదు. అందుకేనేమో గురునాథరావుకి అది కిట్టేది కాదు. ఒకరోజు తొందరగా వచ్చి విన్నాడు. కూలోళ్ళ పాటలు కోటర్లో ఏటని, సుట్టూ ఆఫీసర్లున్నారని, నవ్వే ఆడదాన్ని నమ్మకూడదని పెద్దలు ఊరికే అనలేదని చెప్పి, కాళ్ళు కడుక్కుని అన్నం పెట్టమన్నాడు. ఆ అన్నం వండింది, ఆ చేపలు తోమింది ఆ నవ్విన ఆడవాళ్ళే. తిన్నాడు.

తొంభై ఆరులో ఒక సీ షిఫ్టు వారం, పొద్దెక్కాక, కామేశ్వరి వాళ్ళింటికి ఫోనొచ్చింది. కాశమ్మ పోయింది. ఫోను పెట్టేసి వచ్చి వరహాలు వంటింట్లో నేలమీద కూలబడింది. వాళ్ళ ఊళ్ళలో కూతురి శోకం అంటే ఉత్త ఏడుపు కాదు. పోయిన మనిషి ఏం తిన్నదీ ఏం పడ్డదీ, ఎవర్ని కన్నదీ ఎవరు కొట్టిందీ అంతా మాట కట్టి, రాగం తీసి, నలుగురికీ చెప్పి సాగనంపాలి. ఆ శోకం మధ్యలో ఎవరూ ఆపకూడదు. ఆపితే పోయినవాళ్ళ ప్రాణం గడప దాటదంటారు. తల్లి దగ్గరికి వెళ్ళేదాకా ఆగలేక వరహాలు అక్కడే నోరు తెరిచింది. "ఓలమ్మా" అన్నంతవరకే వచ్చింది.

గురునాథరావు లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చి అరచేతితో ఆమె నోరు మూశాడు. సబ్బుతో కడిగినా పోని బొగ్గు వాసన.

"మీ ఊరనుకున్నావా? ముయ్యి. నిద్దరోనియ్యి. సాయంత్రం ఎల్దాం. సచ్చినోళ్ళు ఎక్కడికీ ఎల్లిపోరు."

గది గుమ్మంలో పోతమ్మ నిలబడి ఉంది. వరహాలు ఆమె వైపు చూసింది. పోతమ్మ కొడుకు మొహం చూసింది, గోడవైపు తిరిగింది.

నేనొక్కదాన్నీ పోతానని వరహాలు గుసగుసగా అడిగింది. లేచాక నాకు టీ ఎవడు పెడతాడు, అన్నాడు అతను. నిద్ర లేచి, స్నానం చేసి, టీ తాగి, డ్యూటీకి సెలవు చెప్పి బయల్దేరదీసేసరికి ఎండ వాలింది. బస్టాండు కాంప్లెక్సులో బస్సు మారి ఊరు చేరేసరికి చితి బూడిదైంది. పొద్దు కుంకకముందే కానియ్యాలి కదా, ఎంతసేపని చూస్తాం అన్నారు తమ్ముళ్ళు. గడప బయట తల్లి వెదురు చేట ఒకటి బోర్లా పడి ఉంటే వరహాలు దాన్ని తీసి గోడకి ఆనించింది. అంతే. ఏడవలేదు. ఊరి ఆడవాళ్ళు, ఉక్కునగరం పోయాక కడుపు కూడా ఉక్కైపోనాది అనుకున్నారు. ఆమెకి వినపడేలాగే అనుకున్నారు.

ఆ తర్వాత వరహాలు పాట కట్టలేదు. ఏ షిఫ్టు వారాల్లో పోతమ్మ చేపలు ముందేసుకుని ఒక చరణం ఎత్తి ఆగేది. కోడలు పొలుసు తీస్తూ ఉండేది. కాసేపు చూసి ముసలామె తన చరణం తనే మింగేది. కామేశ్వరి కూడా బాల్కనీలోకి రావడం మానేసింది. ఇల్లు ఇప్పుడు అన్ని షిఫ్టుల్లోనూ నిశ్శబ్దంగా ఉంటోందని గురునాథరావు ఒకసారి స్నేహితుడితో మెచ్చుకోలుగా చెప్పాడు. భార్యకి బుద్ధొచ్చిందనుకున్నాడు. మగవాడికి ఆడదాని మౌనమంత తీపి మందు ఇంకోటి లేదు.

ఏళ్ళు గడిచాయి. పోతమ్మ మంచాన పడింది. ఒళ్ళు తుడిచేదీ, మలం ఎత్తేదీ వరహాలే. కొడుకు గుమ్మంలో నిలబడి "ఎలాగున్నాదే అమ్మా" అనేవాడు, ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని. ఒకనాడు తడిగుడ్డ పెట్టి వీపు రుద్దుతుంటే ముసలామె అంది:

"ఓలే వరాలా, నాను పోతే నువ్వే ఏడవాల."

"నాకు రాదత్తా ఇప్పుడు."

"వత్తాది. ఒకటే మాట. అబద్దాలాడకు. బతికినన్నాళ్ళూ కొడుకుని కాసుకోనొచ్చాను. సచ్చాకైనా నిజం సెప్పనీ. నా మీద సెప్పాల్సినదున్నా సెప్పు."

వరహాలు గుడ్డ పిండి, మళ్ళీ తడిపి, రుద్దింది.

రెండువేల మూడులో పోతమ్మ పోయింది. శవాన్ని ఊరు పోయినవాళ్ళకి కట్టిన నిర్వాసితుల కాలనీలో, కోటరు రాకముందు వాళ్ళున్న ఇంటి ముందుకి తీసుకెళ్ళారు. కులం వాళ్ళంతా అక్కడే ఉన్నారు. గురునాథరావు అన్నీ ఘనంగా చేశాడు. పూలరథం పెట్టాడు, డప్పులు పెట్టాడు, మల్కాపురం నుంచి వీడియో తీసే మనిషిని పిలిపించాడు. ఫోర్‌మన్లొచ్చారు, యూనియన్ వాళ్ళొచ్చారు. ఆడవాళ్ళు శవం చుట్టూ కూర్చుని కోడలి నోటికేసి చూస్తున్నారు. అత్తకి కోడలు ఎత్తాకే మిగతావాళ్ళు అందుకోవాలి. వరహాలు కాళ్ళ దగ్గర కూర్చుని ముసలామె పాదాలు చూస్తోంది. మడిలో పాచిపోయిన ఆ వేళ్ళ సందులు ఇన్నేళ్ళ గచ్చు మీద నడిచినా మానలేదు.

గురునాథరావు పక్కకొచ్చి వంగి, చెవిలోనే అయినా పక్కవాళ్ళకి వినపడేలా అన్నాడు. "ఎత్తవేం? అందరూ సూత్తన్నారు. నువ్వు బాగా కడతావు గదా. కెమేరా నీ మీదకి తిరిగినప్పుడు గట్టిగా అందుకో. మా అమ్మకి మంచి శోకం పడాల."

ఏడేళ్ళ కిందట మూసిన నోరు అది. ఇప్పుడు తెరవమంటున్నాడు, పంపు తిప్పినట్టు. వరహాలు తలెత్తి అతన్ని ఒక్కసారి చూసింది. నోరు తెరిచింది. వచ్చింది దుఃఖం కాదు. కోపం. కోపానికి రాగం ఉంటుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

"ఓలత్తా, నా పోతమ్మత్తా
నడుం వంగిన కాడల్లా నాలుగ్గింజలు మొలిసినాయి
నాటేసిన మడిలోన పొగ్గొట్టం మొలిసినాది
నీ ఏలిముద్దరే నీ కొడుక్కి ఉద్దోగమైనాది
ఆ ఉద్దోగం నిద్దరోవాలని నీ నోరు మూసినాది"

డప్పులు ఆగాయి. ఒకామె అలవాటుగా రాగం అందుకోబోయి మధ్యలో ఆగి, మాట విని, మళ్ళీ గట్టిగా అందుకుంది.

"మలమెత్తిన సేయి నాది, ముక్కు మూసిన సేయి కొడుకుది
నా తల్లి పోయిననాడు నా నోరు మూసినాడు
నువ్వు గోడకాసి తిరిగినావు, అబద్దమాడొద్దన్నావు
అందుకే సెపుతన్నాను అత్తా, గోడకాసే తిరిగినావు"

గురునాథరావు మొహం ఎర్రబడింది. ఫోర్‌మన్ చెప్పులకేసి చూసుకుంటున్నాడు. కెమేరా ఆపమని చెయ్యి ఊపితే వీడియో అతను చూడలేదు, అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. గురునాథరావు జనాన్ని తోసుకుని వచ్చి చెయ్యి చాచాడు. అదే చెయ్యి. శవం తలదగ్గర కూర్చున్న పోతమ్మ చెల్లెలు పైడితల్లి, పళ్ళు లేని ముసలిది, కర్ర అడ్డం పెట్టింది.

"తియ్యి సేయి. శోకం ఆపితే నీ అమ్మ గడప దాటదు. ఏడవమన్నది నువ్వేగా, ఇను."

చెయ్యి వెనక్కి పోయింది. వరహాలు శవం పాదాలు రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఎల్లు అత్తా, ఎనక్కి సూడకు
దారిలో నా తల్లి కాశమ్మ కనిపిత్తాది
నీ కూతురు ఏడవలేదని కాదు
ఏడవనియ్యలేదని సెప్పు"

అప్పుడు ఏడ్చింది. ఎవరి కోసమో ఎవరూ అడగలేదు.

పెద్దదినం అయ్యాక కోటరుకి తిరిగొచ్చారు. గురునాథరావు ఆమెతో మాట్లాడలేదు. నలుగుర్లో తలకొట్టేసింది, మతి చలించింది అని వచ్చినవాళ్ళతో అన్నాడు. వీడియో క్యాసెట్టు వస్తే చూడకుండా బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆదివారం సాయంత్రం ఏమీ జరగనట్టు వంటింట్లోకి వచ్చి, కుక్కరు విజిల్ ఊడబెరికి, తుడిచి, పట్టుకుపోయాడు.

మర్నాడు పొద్దున డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నాడు. గురక మొదలైంది. వరహాలు వంకీకి వేలాడుతున్న చొక్కా జేబులోంచి తాళంచెవి తీసి బీరువా తెరిచింది. మెల్లగా తెరవలేదు, చప్పుడైతే అవనీ అని తెరిచింది. సర్టిఫికెట్ల పక్కన విజిల్, విజిల్ పక్కన క్యాసెట్టు. క్యాసెట్టు ముట్టుకోలేదు. అది అతనిది. ఎప్పటికైనా వింటాడు, లేదా ఎలకలు కొడతాయి. విజిల్ తీసుకుని వంటింట్లోకి వచ్చి, కుక్కర్లో బియ్యం, పప్పు పెట్టి, మూత బిగించి, విజిల్ పెట్టి, స్టవ్ వెలిగించింది. నెత్తళ్ళు తీసుకుని బాల్కనీలో కత్తిపీట ముందు కూర్చుంది.

కుక్కరు కూసింది. కోటరంతా ఉలిక్కిపడింది. పక్క బాల్కనీలోకి కామేశ్వరి వచ్చి నిలబడింది. గురునాథరావు ఎర్రటి కళ్ళతో, లుంగీ ఎగ్గట్టుకుంటూ, చెయ్యి సగం లేపి గుమ్మంలోకి వచ్చాడు.

వరహాలు చేప తల తెగ్గోసి పక్కన పెట్టి, అతని వైపు చూడకుండా, గుసగుసగా కాకుండా, మామూలు గొంతుతో చెప్పింది:

"ఇంకా రెండు కూతలున్నాయి."