పదో తరగతి చివరి గడి

పెనుకొండలో మా హైస్కూలు పదో తరగతి రిజిస్టరులో చివరి గడి ‘తరువాతి చదువు’. దాన్ని పిల్లల్ని అడక్కుండా, తండ్రి చేసే పని చూసి మేమే నింపేవాళ్లం. మగ్గం నేసేవాళ్ల పిల్లలకు ఐటీఐ, పొలాలున్నవాళ్ల పిల్లలకు ఇంటర్. కమలాక్షి ఒక్కతే అలా చేసేది కాదు. లెక్కల టీచరు, నా భార్య. ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని అడిగి, వాళ్లు చెప్పింది పెన్సిలుతో రాసేది. పిల్లలు మనసు మార్చుకోవచ్చు కదా అనేది. 2003 జనవరిలో ఆమె పోయింది. ఆ తరగతి నాకు వచ్చింది.

మార్చిలో మండల నాయకుడొకాయన బడికి వచ్చాడు. హిందూపురంలో పెట్టబోయే బట్టల కంపెనీకి మనుషులు కావాలనీ, మా తరగతిలోని పద్నాలుగు మంది ఆడపిల్లలకూ కుట్టుశిక్షణ అని రాయించమనీ హెడ్మాస్టరు గంగాధరకు చెప్పి వెళ్లాడు. గంగాధర నాకు చెప్పాడు. ఆ రోజుల్లో నేను ఎవరికీ, దేనికీ ఎదురు చెప్పడం లేదు. రబ్బరు తీసుకుని పద్నాలుగు గడుల్లోనూ కమలాక్షి రాత చెరిపేశాను. సిరాతో రాయడం మాత్రం మరునాటికి ఉంచాను.

ఉదయమే ఆ పిల్లల్లో ఒకతె, అమృత, పాలిటెక్నిక్ దరఖాస్తు పట్టుకుని వచ్చింది. ఆమె తండ్రి సుంకన్న ధర్మవరంలో కూలికి మగ్గం నేస్తాడు. దరఖాస్తుకు ఆ రోజే ఆఖరు. రిజిస్టరులో పాలిటెక్నిక్ అని ఉంటేనే సంతకం పెడతానని హెడ్మాస్టరు అన్నాడట.

“కరెంటు కంబం ఎక్కుతావా అని మా నాయన నవ్వినాడు సార్. మళ్ల సరే అన్నాడు. టీచరమ్మ రాసింది ఉండాది కదా?”

రిజిస్టరు తెరిచాను. గడి తెల్లగా ఉంది. కిటికీ దగ్గర పేజీని ఏటవాలుగా పట్టుకుంటే గాట్లు కనిపించాయి. కమలాక్షి పెన్సిలును గట్టిగా అదిమి రాసేది. మొనలు విరుగుతున్నాయని నేను విసుక్కునేవాణ్ని. ‘పాలిటెక్నిక్, ఎలక్ట్రికల్’ అని ఉంది. ఆ గాట్ల వెంబడే సిరాతో రాసి, గంగాధర ముందు పెట్టాను.

ఆయన ఆ గడి చూశాడు. అక్షరాలు నావి కావని ఆయనకు తెలుసు.

“ఏమప్పా వెంకటేశ్వర్లూ, నన్ను యాడికి మారుస్తారో తెలుసు గదా?”

తెలుసన్నాను.

“తలుపుల మండలంలో ఎండ ఎక్కువంట” అంటూ దరఖాస్తు మీద సంతకం పెట్టాడు.

అమృత బస్టాండు వైపు పరుగెత్తింది. ఇంకా పదమూడు పేర్లున్నాయి. పేజీని మళ్లీ కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను.