ఎడమవైపు స్పీకరు

కారులో కంపెనీవాళ్లు బిగించి ఇచ్చిన రేడియో పీకేయించి, క్యాసెట్లు పాడే స్టీరియో పెట్టిస్తానని దేవసహాయం అన్నరోజు, హన్నమ్మ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆ రేడియోను వెనకేసుకొచ్చింది.

“దానికేమొచ్చిందండీ ఇప్పుడు? బాగానే మాట్లాడుతోంది కదా.”

“బాగానా? గోనెసంచిలో దూరి మాట్లాడినట్లుంటాది. ఉండేది ఒక్క స్పీకరు. అది గూడా నా మోకాళ్లతో మాట్లాడతాది, నాతో కాదు,” అన్నాడు దేవసహాయం. నంద్యాల జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాడాయన. ఒకసారి లెక్క వేసుకున్నాక ఇక చెరపడు. “స్టీరియో ఉంటే ఈ తూరి అమ్మ ప్రార్థన దారి పొడుగునా వింటా పోవచ్చు. ఆళ్లగడ్డలో కారు తలుపులు తెరిచిపెడితే అక్కావాళ్లంతా వింటారు. ఆడ టేపురికార్డరు పెడితే ఏటా సగంలో కరెంటు పోతాది.”

హన్నమ్మ చేతిలో చేట ఆగిపోయింది. బియ్యంలో రాయి దొరికిందని ఆయన అనుకున్నాడు.

అమ్మ అంటే చెన్నమ్మ, హన్నమ్మకు అత్త. పోయి ఆరేళ్లయింది. ఏటా సెప్టెంబరులో ఆమె పోయిన తేదీన ఆళ్లగడ్డలో పెద్దకూతురు యశోదమ్మ ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక జరుగుతుంది. అందులో ముఖ్యమైన ఘట్టం టేపు. చెన్నమ్మ బతికుండగా కొడుకు పట్టిన ప్రార్థన అది. పది నిమిషాలు. దానికోసం అందరూ కళ్లు మూసుకుంటారు. హన్నమ్మ మాత్రం ఒక కన్ను తెరిచి, ఎవరైనా అనుమానపడుతున్నారా అని చూసుకుంటుంది.

ఎందుకంటే ఆ టేపులో ఉన్నది చెన్నమ్మ కాదు, హన్నమ్మ.

అసలు టేపు అత్త పోయిన మూడో నెలలోనే పోయింది. ఒక మధ్యాహ్నం ఒంటరిగా ఉండి, ఎందుకో వినాలనిపించి పెట్టింది హన్నమ్మ. టేపురికార్డరు దాన్ని కరకరా నమిలేసింది. బయటికి లాగితే సేమియాలాగా వచ్చింది. ఇంకా లాగితే తెగింది. అత్త బతికున్నప్పుడు ఒక గాజు గ్లాసు పగిలితేనే వారంరోజులు విన్న కోడలు, అత్త గొంతునే తెంపానని ఎవరితో చెబుతుంది? మొగుడు కాలేజీ నుంచి వచ్చేలోగా దాన్ని పొయ్యిలో పెట్టింది. నల్లటి పొగ, వెంట్రుకలు కాలిన వాసన. ఆ పూట సంగటి కూడా ఆ పొయ్యిమీదే వండింది.

తర్వాత అదే రకం కొత్త క్యాసెట్ తెచ్చింది. పాత డబ్బా మీద దేవసహాయం రాసిన ‘అమ్మ – ప్రార్థన’ చీటీని ఆవిరికి పట్టి ఊడదీసి, అన్నం మెతుకుతో కొత్తదానికి అంటించింది. కర్నూలులో బి.ఏ. చదివేటప్పుడు ప్రిన్సిపాలు గొంతుతో హాస్టలు మొత్తాన్ని నిద్రలేపిన మనిషి. పదకొండేళ్లు రోజూ సాయంత్రం విన్న ప్రార్థన ఒక లెక్కా? చెన్నమ్మకు దేవుడి ముందు కూడా బుగ్గలో వక్కాకు ఉండాల్సిందే. హన్నమ్మ కూడా బుగ్గలో వక్కాకు కుక్కుకుని బటను నొక్కింది. ప్రార్థన అచ్చుగుద్దినట్లు దిగింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. చివర్లో చెయ్యి ఊరుకోలేదు, అంటే నోరు ఊరుకోలేదు. ఒక మాట చేర్చింది. “నా కోడలు హన్నమ్మను గూడా దీవించు తండ్రీ. దాని చేతి సంగటిలాంటి సంగటి నేను యాడా తినలేదు.”

బతికినన్నాళ్లూ ఆ సంగటిలో ఉండలు ఏరి కంచం అంచున వరసగా పేర్చి చూపించిన మనిషి చెన్నమ్మ. ఆరేళ్లుగా ఆ మాట దగ్గరకొచ్చేసరికి యశోదమ్మ ముక్కు చీదుకుంటుంది. “చూస్తివా హన్నమ్మా, మా అమ్మ మనసులో ఎంత పెట్టుకునిందో!” అంటుంది. దేవసహాయం చెయ్యి వచ్చి హన్నమ్మ చేతిమీద పడుతుంది. ఆ ఒక్క చెయ్యి కోసం ఆమె ఆరేళ్లు నోరు మూసుకుంది. ఇంట్లో టేపురికార్డరుది గవ్వంత స్పీకరు గనక ఎవరి గొంతైనా ఒకటే. స్టీరియోలో పెడితే దొరికిపోతుంది. తను దొరకడం ఒక ఎత్తు. ఆయనకు తల్లి గొంతు ఇక లేదని తెలియడం ఇంకో ఎత్తు.

గాంధీ చౌక్ పక్క సందులో మస్తాన్ షాపు. కారు వెనకసీటు వెనకాల ఉన్న అట్టకు గుండ్రంగా రెండు కంతలు కోసి, పళ్లేలంతేసి స్పీకర్లు బిగించాడు.

“కుడిపక్క ఒకటి, ఎడంపక్క ఒకటి. ఏ పక్క సంగతి ఆ పక్క ఇనపడతాది. ఇంతకాలం మీరు ఇన్నది సగమే అక్కా. ఇప్పుడు పాడేటోడు దగ్గు దాచుకున్నా ఇనపడతాది.”

“దాచుకున్నవన్నీ వినపడాల్సిన అవసరం ఏముందప్పా?” అంది హన్నమ్మ.

మస్తాన్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఎడమ స్పీకరు సరిగ్గా అత్త కూర్చునే చోటికి వెనకాల ఉంది. చెన్నమ్మ ఎప్పుడూ కోడలి వెనకసీటులోనే కూర్చునేది. కిటికీ అద్దం నాలుగువేళ్లు దించి ఉండాలి, వక్కాకు ఉమ్మడానికి. ఆమె పోయాక హన్నమ్మ తలుపుమీది ఎర్రచారలు కడిగేసి, ఆ అద్దం పైకి తిప్పేసింది. దుమ్ము పడుతుందని. ఆరేళ్లలో మళ్లీ దించలేదు.

ఆళ్లగడ్డకు పొద్దున్నే బయలుదేరారు. సిరివెళ్ల దాటి, రెండుపక్కలా నల్లరేగడి చేలు మొదలయ్యాక దేవసహాయం టేపు లోపలికి తోశాడు.

“దేవా తండ్రీ, ఈ దినం మమ్మల్ని నిలబెట్టినావు, నీకు వందనాలు...”

గొంతు కారంతా నిండింది. వక్కాకు పక్కకు జరిగే తడి చప్పుడు కూడా వినపడింది. హన్నమ్మ మొగుడి ముఖం చూడలేక రోడ్డు చూస్తూ కూర్చుంది. ఆయన ఒక చేత్తో సౌండు పెంచాడు. ప్రార్థన సాగింది. కొడుకు పేరు, కూతుళ్ల పేర్లు, బర్రెగొడ్ల క్షేమం. చివరికి ఆ మాట వచ్చింది.

“...దాని చేతి సంగటిలాంటి సంగటి నేను యాడా తినలేదు.”

“ఏందీ?”

ఎడమవైపు నుంచి. ఒక్క ఎడమవైపు నుంచే. హన్నమ్మ చెవికి జానెడు దూరంలో అన్నట్లుగా.

కారు ఆగింది. దేవసహాయం హ్యాండ్‌బ్రేకు లాగాడు. తర్వాత టేపు వెనక్కు తిప్పి మళ్లీ పెట్టాడు.

“...నేను యాడా తినలేదు.”

“ఏందీ? సంగటా?”

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. “విన్న్యావా మే? మస్తాన్ చెప్పినట్లే. ఈ పక్కది ఇన్నాళ్లూ మనకు వినపడలా. ప్రార్థన అయిపోయినాక నాతో ఏదో అనింటాది. జాగర్తగా వింటే ఇంకా ఉండేట్లుంది.”

ఆయన లెక్క సరిగ్గానే ఉంది. టేపు ఆ టేపే అయితే. అది పొయ్యిలో బూడిదైందని తెలిసిన మనిషి ఆ కారులో ఒక్కతే ఉంది. వెనకాల ఇంకొకరు ఉంటే, ఇద్దరు.

హన్నమ్మ పక్కకు ఒరిగి, డ్రైవరు ముందరి చిన్న అద్దంలోకి చూసింది. వెనకసీటు ఖాళీగా ఉంది. మీద పూలబుట్ట, బైబిలు సంచి. ఎడమమూల సీటు మాత్రం కొంచెం నొక్కుకుపోయి ఉంది. అది ఎప్పుడూ అంతేనేమో. ఇన్నేళ్లలో తను గమనించలేదేమో.

“అక్కావాళ్ల దగ్గర ఇంగోసారి పెడదాం,” అంటూ ఆయన కారు తీశాడు.

మొదటిసారి ‘ఏందీ’. రెండోసారి ‘సంగటా’. మూడోసారి అందరి ముందు ఏమంటుంది? సంగటిదాకా వచ్చిన మనిషి పొయ్యిదాకా రాకపోదు. అత్త సంగతి హన్నమ్మకు తెలుసు. మొదలుపెట్టిన తగువును ఆమె మధ్యలో వదిలిన పాపాన పోలేదు.

ఆళ్లగడ్డ ఇళ్లు కనబడగానే ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుంది.

“ఆపండి. ఆ టేపు అక్కడ పెట్టకండి. ఆ గొంతు నాది.”

“ఏ గొంతు?”

“ప్రార్థన చేసేది నేను. అసలు టేపు తెగిపోయింది. కాల్చేశాను. ఇది కొత్తది. దీంట్లో అత్తమ్మ మాట ఒక్కటి కూడా లేదు.”

దేవసహాయం కారు పక్కకు తీసి ఆపాడు. జొన్నచొప్ప బండి ఒకటి కారును దాటి వెళ్లింది. కోపం వస్తుందని ఆమె చూసింది. ఏడుపు వస్తుందని చూసింది. రెండూ రాలేదు. ఆయన గొంతు మాత్రం సన్నగా వచ్చింది.

“మరి వెనకాల?”

“అది నేను కాదు.”

ఇద్దరూ వెనక్కు తిరిగి చూశారు. బుట్టలో చామంతులు కూడా కదలలేదు.

“ఏందీ!” అంది ఎవరో కిటికీ పక్కన. హన్నమ్మ కెవ్వుమంది. యశోదమ్మ. కారు ఆగడం చూసి ఎదురొచ్చింది. “ఏందీ, ఈడనే నిలబెట్టుకున్న్యారు? దయ్యాన్ని చూసినట్ల చూస్తాండావేందిరా?”

కూడికలో టేపు వేయలేదు. స్టీరియో చెడిందని చెప్పాడు దేవసహాయం. “మొన్ననే కదరా పెట్టిస్తివి!” అని తమ్ముడికి చీవాట్లు పెట్టి, “అయితే నువ్వే చెయ్యి హన్నమ్మా,” అంది యశోదమ్మ. హన్నమ్మ తన సొంత గొంతుతో, బుగ్గలో ఏమీ లేకుండా ప్రార్థన చేసింది. సంగటి ఊసెత్తలేదు. దేవసహాయం చెయ్యి వచ్చి ఆమె చేతిమీద పడలేదు.

ఇంటికొచ్చాక నాలుగురోజులు ఆయన అవసరానికే మాట్లాడాడు. ఐదోరోజు టేపు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

“అమ్మ గొంతు ఎట్లాగూ లేదు. ఇదొక్కటే మిగిలింది. ఆ సంగటి మాట మటుకు తీసెయ్.”

హన్నమ్మ ఆ రెండు వాక్యాల మీద, ఊపిరి బిగబట్టి, ఏమీ మాట్లాడకుండా రికార్డు చేసింది.

ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆయన టేపు పెట్టాడు. పేర్లు అయ్యాయి, బర్రెగొడ్లు అయ్యాయి. ఖాళీ చోటు వచ్చింది. కుడి స్పీకరులో సన్నటి సుయ్ మనే శబ్దం తప్ప ఏమీ లేదు.

ఎడమ స్పీకరులో ఎవరో నెమ్మదిగా, తీరుబడిగా, వక్కాకు నములుతున్నారు.

ఎంతసేపటికీ మాట రాలేదు. దేవసహాయం కారు పక్కకు ఆపాడు. దిగి, చుట్టూ తిరిగి వెళ్లి, వెనక ఎడమతలుపు తెరిచి, కిటికీ అద్దం నాలుగువేళ్లు దించాడు. తలుపు మెల్లగా మూసి వచ్చి కూర్చున్నాడు.

హన్నమ్మ దుమ్ము సంగతి ఎత్తలేదు.